శుక్రవారం పుట్టినరోజులు

ప్రేమలత పుట్టింది జనవరిలో. కానీ పెళ్ళై రియాద్‌లో దిగిన మొదటి వారంలోనే, అక్టోబరు ఎండలో, ఆమెకి ఘనంగా పుట్టినరోజు చేసేశారు. చేసింది ఎవరో కాదు, కట్టుకున్నవాడే.

సూట్‌కేసులు ఇంకా పూర్తిగా విప్పనే లేదు. హాలు నిండా తెలుగువాళ్ళు. బల్ల మీద కేకు. కేకు మీద గులాబీరంగు క్రీముతో తన పేరు.

"ఇవాళ కాదండీ నా పుట్టినరోజు," అని మొగుడి చెవిలో గొణిగింది.

"నాకెర్క. ఇయ్యాల నీ వంతు," అన్నాడు దేవన్న నవ్వుతూ. అతనిది మెదక్ వైపు. ఆమెది అమలాపురం. పెళ్ళిచూపుల నాటి నుంచీ ఆ "ఎర్క" అనే మాట అతని నోట వింటే చాలు, ప్రేమలతకి లోపల ఎవరో చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. అందుకని ఇక ఎదురు చెప్పకుండా కేకు కోసేసింది.

తర్వాత తెలిసింది సంగతి. ఈ ఊళ్ళో చర్చి భవనాలు లేవు, ఆదివారం సెలవూ లేదు. కాబట్టి ఆదివారం ఆరాధన శుక్రవారానికి జరిగింది, చర్చి దేవన్న ఇంటి హాల్లోకి వచ్చింది. ఈ చిన్న సంఘానికి పెద్ద గోపాలకృష్ణ గారు. పేరు చూసి తికమక పడక్కర్లేదు, గుంటూరులో ఆయన తాతగారే వీధి చివర నిలబడి సువార్త చెప్పేవారు. ఈయన ఇక్కడ ఒక ఆస్పత్రి ఆఫీసులో పనిచేస్తారు. జాగ్రత్త అనేది ఆయనకి రెండో చొక్కా. ఎన్నో ఏళ్ళ కిందట ఆయనే ఒక పద్ధతి పెట్టారు. ప్రార్థన జరిగే ఇంట్లో బల్ల మీద కేకు ఉండాలి. తలుపు చప్పుడైతే పాటల పుస్తకాలు సోఫా దిళ్ళ కిందికి, కొవ్వొత్తి కేకు మీదికి, అందరి నోటా హ్యాపీ బర్త్‌డే.

కాలం మారింది. ఊళ్ళోకి మెట్రో వచ్చింది. నాలుగు గోడల మధ్య ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకుంటుంటే పట్టించుకునేవాళ్ళు లేరు. అయినా కేకు మాత్రం కదల్లేదు. అలవాటు పడిన భయాన్నైనా వదులుకోవచ్చేమో గానీ, అలవాటు పడిన కేకుని వదులుకోవడం అంత తేలిక కాదు.

ఇన్నేళ్ళలో ఈ సంఘం తలుపు తట్టిన పరాయి మనిషి ఒక్కతే. పక్కింటి జైనాబ్ ఆంటీ.

ఆమెది కడప. భర్త కింద బకాలా నడుపుతాడు, అంటే వీధి చివరి సరుకుల కొట్టు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి చోట వాళ్ళున్నారు. పక్కింట్లోకి కొత్త పెళ్ళికూతురు వచ్చిందనగానే ఆంటీకి ప్రాణం లేచొచ్చింది. ఏ రోజు తాజా కరివేపాకు వస్తుందో, నల్లా నీళ్ళకి పప్పు ఎందుకు ఉడకదో, ఇసుకగాలి వచ్చే ముందు ఆకాశం ఏ రంగులోకి తిరుగుతుందో, అన్నీ ఆమే నేర్పింది. ఈ ఊళ్ళో ప్రేమలతకి స్నేహితురాలంటూ ఉంటే ఆమే.

అలాంటి మనిషితో ప్రతి శుక్రవారం అబద్ధం. "ఎవురిదమ్మీ ఈరోజు?" అని అడగడం, ఎవరో ఒకరి పేరు చెప్పడం, ఆమె మర్నాడు బహుమతి తేవడం. అలా ప్రేమలతకి ఫ్లాస్కు వచ్చింది. దేవన్నకి గోడ గడియారం వచ్చింది. ఏసీలు బాగుచేసే హన్మాండ్లుకైతే ఒక దుప్పటి, ఇంకో దుప్పటి, చలి ముదిరాక ఒక దిండు కూడా వచ్చాయి. ఒంటరివాడు కదా పాపం అని సంఘం వాళ్ళు మాటిమాటికీ అతన్నే పుట్టిస్తారు మరి.

జనవరి వచ్చింది. అసలు పుట్టినరోజు సరిగ్గా శుక్రవారమే పడింది. పెళ్ళయ్యాక మొదటిది. ప్రేమలత కోరిక చాలా చిన్నది. జైనాబ్ ఆంటీని పిలవాలి, ఆమె చేత కేకు ముక్క తినిపించుకోవాలి, "నిండు నూరేళ్ళు బతకమ్మీ" అనిపించుకోవాలి. కానీ ఆమె పుట్టినరోజు అక్టోబరులోనే ఖర్చైపోయింది కదా! పైగా ఈ వారం కేకు మీద వంతు ప్రకారం హన్మాండ్లు పేరు. అది చాలదన్నట్టు గోపాలకృష్ణ గారు ఈ వారం వర్తమానం, అదే ప్రసంగం, కూడా ఆమె మీదే పెట్టారు. సంఘంలోకి వచ్చిన ప్రతి కొత్త కోడలూ ఒక శుక్రవారం ఏదో ఒకటి చెప్పాలి. ఆమెకి వచ్చిన అంశం, ఆది సంఘం, అంటే మొట్టమొదటి క్రైస్తవుల ముచ్చట.

గురువారం సాయంత్రం సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని బైబిలు చదువుతోంది. దేవన్న వంటగది గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాడు.

"ఏవండోయ్! ఇక్కడో మొగుడూ పెళ్ళాం ఉన్నారండీ. పొలం అమ్మారు. సంఘానికి కొంతే ఇచ్చి, అంతా ఇచ్చేశామని అబద్ధమాడారు. మొగుడు అక్కడికక్కడే పడి చచ్చిపోయాడు!"

"అయ్యో పాపం. మరి ఆమె?"

"కాసేపటికి పాపం ఏమీ తెలీకుండా వచ్చింది. ఆవిణ్ణీ అడిగారు. ఆవిడా అదే అబద్ధం చెప్పింది. ఆవిడా డామ్మని పడిపోయింది." ప్రేమలత పుస్తకం మూసి గుండెల మీద పెట్టుకుంది. "మనం మూడు నెలల్నుంచి జైనాబ్ ఆంటీతో అబద్ధాలాడుతున్నామండీ."

"గాళ్లది పొలం ముచ్చట. మనది కేకు ముచ్చట. పరేషాన్ గాకు."

"అబద్ధానికి పొలమేంటి, కేకేంటండీ?"

దేవన్న కళ్ళు తుడుచుకుంటూ ఆలోచించాడు. "అయినా ముందుగాల మొగడే పడాలె గదా. నేను నిలబడ్డంతసేపు నీకేం గాదు."

ఆమె దిండు విసిరింది. అది ఉల్లిపాయల్లో పడింది. అంతలో బెల్లు మోగింది.

జైనాబ్ ఆంటీ! "ఏమ్మీ, రేపు ఎవురిది?"

నాదే ఆంటీ, నిజంగా నాదే, అని గొంతుదాకా వచ్చింది. కానీ ఫ్లాస్కు కళ్ళ ముందు మెరిసింది. "మా... మా ఆయనదండీ."

"మీ ఆయనదా? నవంబర్లో గడియారం ఇచ్చినానే!"

"అది సర్టిఫికెట్ పుట్టినరోజండీ. బళ్ళో వేయించినది. ఇది అసలుది."

"ఓహో," అంది ఆంటీ తల పంకిస్తూ. "మరి ఆ హన్మాండ్లుని ఎన్ని బళ్ళల్లో ఏసినారమ్మీ?"

సమాధానం కోసం ఆగలేదు. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ప్రేమలత తలుపు మూసి, ముందుగా మొగుణ్ణి తడిమి చూసింది. నిలబడే ఉన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పదింటికల్లా హాలు నిండిపోయింది. చెప్పుల మీద చెప్పులు, గిన్నెల మీద గిన్నెలు. ఒకరు పులిహోర, ఒకరు కోడికూర, ఒకరు గుత్తివంకాయ. ప్రార్థన తర్వాత ప్రేమ విందు ఉంటుంది, మిగిలింది డబ్బాల్లో సర్దుకుని ఎవరి గదులకి వాళ్ళు పట్టుకెళతారు. బల్ల మీద ఒకవైపు ప్రభువు బల్ల కోసం, అంటే ఆయన చివరి విందు గుర్తుగా అందరూ పంచుకోవడానికి, ఖుబ్బూస్ రొట్టె, ద్రాక్షరసం. ఇంకోవైపు హన్మాండ్లు పేరున్న కేకు. హన్మాండ్లు ఖాళీ మంచినీళ్ళ క్యాను ఒళ్ళో పెట్టుకుని దరువు మొదలుపెట్టాడు. అందరూ గొంతు తగ్గించి పాడారు. ఇక్కడ ఎంత సంతోషంగా ఉంటే అంత మెల్లగా పాడాలి, అదో విద్య.

ఇంటి పనుల్లో మొగుణ్ణి "ఏవండీ" అనే ప్రేమలత, సంఘం మధ్య నిలబడేసరికి పద్ధతిగా, "ముందుగా దేవన్న బ్రదర్‌కి వందనాలు," అంది. హన్మాండ్లు పకపకా నవ్వాడు. దేవన్న చెవులు ఎర్రబడ్డాయి. అలా మొదలైంది వర్తమానం.

"అప్పుడు శిష్యులు కూడా మనలాగే గదిలో తలుపులు బిగించుకుని కూర్చున్నారండి. గురువుగారిని సిలువేసేశారు. ఇక మన వంతే అని భయం. కాపోతే వాళ్ళకి కేకు ఆలోచన రాలేదు." గోపాలకృష్ణ గారు మెల్లగా దగ్గారు. "మూడో రోజున సమాధి ఖాళీ. ముందు చూసింది ఆడవాళ్ళు. వచ్చి చెప్తే మగాళ్ళు నమ్మలేదు. అది అప్పుడూ ఉన్నదే, ఇప్పుడూ ఉన్నదే."

ఆడవాళ్ళంతా "ఆమెన్" అన్నారు.

"వాళ్ళ నమ్మకం చూస్తే పెద్ద పొడుగేం లేదండి. ఆయన మన పాపాల కోసం చనిపోయాడు. పాతిపెట్టారు. మూడో రోజున లేచాడు. ఆయనే ప్రభువు. మళ్ళీ వస్తాడు. పెద్ద పెద్ద సిద్ధాంతాలన్నీ తర్వాతవి. ఈ కాసిని మాటలూ పట్టుకునే, తలుపు బిగించుకున్నవాళ్ళు తలుపు తీసుకుని వీధిలోకొచ్చేశారు. ఆ ఉత్సాహం చూసి జనం తాగొచ్చారన్నారండి! శిష్యుల్లో పెద్ద పేతురు గారేమో లేచి, బాబూ ఇంకా పొద్దున్నే కదా, ఇంతలోనే తాగుతామా అన్నాడు. అంటే సాయంత్రమైతే మీరనుకున్నది సబబే అన్నట్టు!"

ఈసారి గోపాలకృష్ణ గారికి కూడా నవ్వాగలేదు.

"ఆ గుంపులో అరబ్బులు కూడా ఉన్నారట. అంటే ఈ కబురు ఈ వైపుకి మనకంటే ఎంతో ముందే వచ్చిందండి, వీసా లేకుండా. ఇక అప్పట్లో భవనాలెక్కడివి? ఇళ్ళే. ఒకళ్ళింట్లో కూడటం, రొట్టె విరవటం, ఉన్నది పంచుకోవటం. బానిసా యజమానీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఊరికి వింత. ఒకరినొకరు అన్నా చెల్లీ అంటారు, మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకుంటారేంటని చెవులు కొరుక్కున్నారు." ఆమె ఓరగా దేవన్న వైపు చూసింది. "ఇది ప్రభువు శరీరం అని రొట్టె తింటే, మనుషుల్ని తింటున్నారని పుకారు పుట్టించారు. తలుపు మూసుకుంటే పక్కింటివాళ్ళు ఏదో ఒకటి ఊహించుకోక ఏం చేస్తారండి మరి?"

ఆ మాట అన్నాక తనకే ఎక్కడో గుచ్చుకుంది. గబగబా ముందుకెళ్ళింది.

"వాళ్ళలో నాకు బాగా నచ్చిన పిల్ల ఒకతుంది. రొదే అని, పనిపిల్ల. పేతురు గారు జైల్లో ఉంటే అందరూ ఒకళ్ళింట్లో చేరి, ఆయన్ని విడిపించు ప్రభువా అని ప్రార్థిస్తున్నారు. ఆయన నిజంగానే బయటపడి వచ్చి తలుపు తట్టాడు. ఈ పిల్ల గొంతు గుర్తుపట్టింది. పట్టరాని సంతోషంలో తలుపు తీయడం మర్చిపోయి లోపలికి పరిగెత్తింది! బయట ఆయన తడుతూనే ఉన్నాడు. లోపల వీళ్ళేమో నీకు పిచ్చెక్కిందే అని..."

బెల్లు మోగింది.

హాలు బిగుసుకుపోయింది. ప్రేమలత పిల్లిలా నడిచి తలుపు కంతలోంచి చూసింది. జైనాబ్ ఆంటీ. చేతుల్లో గుడ్డ కప్పిన పెద్ద గిన్నె. పొగలు.

"జైనాబ్ ఆంటీ!" అంటూ లోపలికి పరిగెత్తింది.

ఇక చూడాలి ఆ హడావిడి. పుస్తకాలు దిళ్ళ కిందికి వెళ్ళాయి. ఖుబ్బూస్ రొట్టె టీవీ వెనక్కి వెళ్ళింది. హన్మాండ్లు సోఫా మీద దబ్బున కూర్చున్నాడు. "గక్కడ కాదు, గక్కడ కూసోకు!" అని దేవన్న కేక పెట్టాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. కొవ్వొత్తి వెలిగింది. పాట మొదలైంది. పేరు దగ్గరికి వచ్చేసరికి సగంమంది దేవన్న అన్నారు, సగంమంది హన్మాండ్లు అన్నారు. చప్పట్లు కొట్టారు. మళ్ళీ మొదటినుంచి పాడారు. మూడోసారి కూడా ఎత్తుకోబోతుంటే గోపాలకృష్ణ గారికి అనుమానం వచ్చింది.

"అమ్మా ప్రేమలతా, మనమెవరి కోసం పాడుతున్నాం? ఆవిడేరీ?"

"బయటున్నారండి."

"తలుపు తీయలేదా?"

ప్రేమలత నాలిక కరుచుకుంది. సోఫా మీంచి హన్మాండ్లు, "రొదే!" అన్నాడు. ఆ నవ్వులకి కొవ్వొత్తి ఆరిపోయింది.

తలుపు తీసేసరికి ఆంటీ గిన్నెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ గెంతుతోంది. "ఎంతసేపమ్మీ! చేతులు కాలిపోతాండాయి!" తిన్నగా వచ్చి గిన్నె బల్ల మీద దించింది. కేకు వంక చూసింది. "ఈడ హన్మాండ్లు అని ఉండాది. ఈ పొద్దు దేవన్నది అంటివే?"

అందరూ దేవన్న వంక చూశారు. దేవన్న గొంతు సవరించుకున్నాడు. పాపం, సంఘాన్ని కాపాడాలి, పెళ్ళాన్నీ కాపాడాలి. "అంటే ఆంటీ, నా చిన్నప్పటి పేరు..."

"ఏవండీ వద్దు!" ప్రేమలత ఒక్క గెంతులో వెళ్ళి అతని నోరు మూసేసింది. "మీరు మాట్లాడకండి! పడిపోతారు!"

మొగుడి నోటి మీద చెయ్యి తీయకుండానే ఆంటీ వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు. ఇప్పుడు చెప్తే ఈ ఇల్లు సంఘానికి లేకుండా పోతుందేమో. చెప్పకపోతే ఈ ఆంటీ తనకి లేకుండా పోతుంది.

"ఇవాళ నా పుట్టినరోజు ఆంటీ. నిజంగా నాదే. అక్టోబరుది దొంగది. మా ఆయనది జూన్‌లో. హన్మాండ్లు గారిది ఎప్పుడో ఆయనకే తెలీదు. మేం ప్రతి శుక్రవారం ప్రార్థన చేసుకుంటాం. మేం క్రైస్తవులం. కేకు ఊరికే అడ్డం పెట్టుకున్నాం. మీకు అబద్ధాలు చెప్పాను. మీరు తిట్టినా సరే, ఇవాళ నాకు కేకు మీరే తినిపించాలి."

గోపాలకృష్ణ గారు కళ్ళు మూసుకున్నారు. జైనాబ్ ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని హాలంతా ఒకసారి చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. అంతకంటే ఘోరమైనది ఉంది. ఆశాభంగం.

"అట్లయితే ఇది కర్రీ పాయింట్ కాదా?"

"ఏంటండీ?"

"మూణ్ణెల్లుగా సూస్తాండా. శుక్రవారం వస్తే గిన్నెలు లోపలికి పోతాయి, డబ్బాలు బయటికి వస్తాయి. వాసన మెట్ల దాకా. తలుపేసుకోని గుసగుసలు. పుట్టినరోజని కేకు అడ్డం పెట్టి, లైసెన్సు లేకుండా కర్రీ పాయింట్ నడుపుతాండారు అనుకున్నా! నన్ను ఎప్పుడు కలుపుకుంటారా అని కాసుకోనుండా. గడియారాలు, దుప్పట్లు ఊరికే ఇచ్చినానా? ఇదో, ఈ పొద్దు శాంపిలు కూడా తెచ్చినా!" గుడ్డ తీసింది. నాటుకోడి పులుసు. హన్మాండ్లు అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు.

"మరి పాటలు వినపడలేదాండీ?" అని అడిగారు గోపాలకృష్ణ గారు నీరసంగా.

"ఏల వినపడవు? వంట చేసేవాళ్ళు పాడుకోరా? ఆ దరువు మాత్రం మసాలా దంచేది అనుకున్నా. కింద వాచ్‌మన్ ఏందని అడిగితే నేనే సర్ది చెప్పినా. వాళ్ళు మా పక్కోళ్ళు, తినేదానికి కూడుకుంటారు, నీ పని సూసుకో అని."

ఇన్నాళ్ళూ సంఘాన్ని కాపాడింది కేకు కాదని, కర్రీ పాయింట్ అని గోపాలకృష్ణ గారికి అప్పుడు తెలిసింది. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"నా మీద కోపం లేదా ఆంటీ?" అంది ప్రేమలత.

"ఎందుకు లేదు? శానా ఉండాది. నేను రోజుకి ఐదు తూర్లు నమాజు చేస్తా. నీకు తెలీకుండా చేస్తాండానా? తలుపు తీసే ఉంటాది. నువ్వు వచ్చి, ఆంటీ చక్కెరుందా అని నా ఎనకాల నిలబడుకోలా?" ఆంటీ గిన్నె మీద గుడ్డ మళ్ళీ కప్పింది. "మీ యేసు, ఈసా నబీ అని మాకూ ఉండాడు, మరియమ్మా ఉండాది. మీరు నమ్మేది వేరే, మేం నమ్మేది వేరే. అది పైనోడు తేల్చుకుంటాడు. కోడి సల్లారిపోతాంది, దాన్ని మనం తేల్చుకోవల్ల. ఆ కొవ్వొత్తి ముట్టించండి!"

హన్మాండ్లు చాకు తీసుకుని కేకు మీద తన పేరుని తనే చెరిపేసుకున్నాడు. ఆ క్రీమంతా వృథా పోకూడదని వేలితో తినేశాడు. ఈసారి పాటలో పేరు ఒక్కటే వచ్చింది, గొంతు ఎవరూ తగ్గించలేదు. జైనాబ్ ఆంటీ కేకు ముక్క ప్రేమలత నోట్లో కుక్కి, బుగ్గ గిల్లి, నిండు నూరేళ్ళు బతకమంది. "ఒకటే పుట్టినరోజుతో బతుకు," అని కూడా అంది.

అప్పుడు దేవన్న సిగ్గుపడుతూ సోఫా దిండు ఎత్తాడు. పాటల పుస్తకాల కింద, హన్మాండ్లు కూర్చున్న సరిగ్గా ఆ చోటే, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూల దండ. అప్పడంలా అయిపోయింది. "పొద్దుగాల పోయి తెచ్చిన. బత్హా బజార్ల ఒక్క దుకాణంలనే దొరికింది," అన్నాడు దిగులుగా.

"గందుకే చెప్తున్నవా కూసోకని!" అన్నాడు హన్మాండ్లు.

ప్రేమలత ఆ అప్పడాన్ని అలాగే జడలో తురుముకుంది. నలిగిన మల్లెలకి వాసన రెట్టింపు. హాలంతా కోడిపులుసూ మల్లెపూలూ కలిసి ఏ కర్రీ పాయింట్‌లోనూ దొరకని వాసన వేసింది.

ప్రభువు బల్ల అయ్యేదాకా ఆంటీ ఇంటికెళ్ళి, ప్రేమ విందు వేళకి తిరిగొచ్చింది. ఈసారి బెల్లు కొట్టే పని పడలేదు. విస్తరాకుల్లాంటి కాగితపు పళ్ళేల ముందు అందరూ నేల మీద బారుగా కూర్చున్నాక, ప్రేమలత పక్కనే చోటు చేసుకుని కూర్చుంది.

"ఇందాక బయట నిలబడితే సగం కథ వినపడింది," అంది. "ఎవురో పిల్ల, తలుపు తీకుండా లోపలికి పరిగెత్తిందంటివే. కడాకు తీసిందా?"

"తీశారండి. చాలాసేపు తట్టాడట పాపం."

ఆంటీ కోడి ముక్క నములుతూ ఆలోచించింది. తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"ఆయప్ప చేతిలో ఏడి గిన్నె ఉన్నిందా?"

"లేదండీ."

"అట్లయితే ఆయప్పకేం, ఎంతసేపైనా తడతాడు," అంది జైనాబ్ ఆంటీ.